చెట్టుపైకి ఎవరిని ఎక్కింపవలెను?

మామిడికాయ కోత ముగిసి తొలకరి చినుకులు పడునప్పటికి మన గ్రామములలో కొందఱు మనుష్యులు తోటల వెంట తిరుగుట మొదలిడుదురు. పూర్వము వీరి భుజమున గొడ్డలి యుండెడిది. ఇప్పుడు పెట్రోలుతో నడచు రంపము ఉన్నది. మాట మాత్రము మాఱలేదు. "అయ్యా, చెట్లు మిక్కిలి గుబురెక్కినవి. కొమ్మలు కొట్టి వెలుతురు వచ్చునట్లు చేసెదము. మీరు కూలి యీయనక్కఱలేదు, కట్టెలు మాకు విడిచిన చాలును" అందురు. రైతునకు ఇంతకంటె ఇంపైన మాట వేఱొకటి కలదా?

నేను పనిచేయు గ్రామములలో ఒకదానియందు వయసున పెద్దవారగు సభ్యు లొకరు ఈ మాటకు లోబడిరి. వారికి తండ్రిగారు నాటిన బంగినపల్లి చెట్లు ఇరువదిరెండు కలవు. నేను వేఱొక పనిమీద ఆ త్రోవను పోవుచు రంపపు మ్రోత విని తోటలోనికి పోవునప్పటికి రెండవ దినము నడచుచుండెను. పదునేడు చెట్ల పని ముగిసినది. మనుష్యుని నడుమంత లావు గల కొమ్మలన్నియు నేలపై నుండెను. ఎండుపుల్లలను, ఒకదానితో నొకటి రాచుకొను సన్నని కొమ్మలను, బదనికను వారు తాకనైన తాకలేదు. అవి కట్టెల అడితిలో అమ్ముడుపోవు కదా! "పెద్దయ్యగారూ, ఇట్లేల చేయించితిరి?" అని నేనడుగగా, "కూలి ఖర్చు లేకుండ పని జరిగిపోవుచున్నది గదా, బాబూ" అని వారు సంతోషముతోనే బదులు చెప్పిరి. మిగిలిన అయిదు చెట్లను మాత్రము బ్రతిమాలి ఆపించితిని.

ఆ వర్షకాలమున కొట్టిన ప్రతి మొండెము మీదను చీపురుకట్ట వలె చిగుళ్లు లేచినవి. అది చూచి వారు మిగుల ఆనందించిరి. మఱుసటి యేడు పూత లేదు. నీడ పోయిన పెద్దకొమ్మల బెరడు వేసవి యెండకు పడమటి ప్రక్క మాడి పగిలినది. మూడవ యేట కాండమును తొలుచు పురుగు ప్రవేశించి మొదళ్లయొద్ద ఱంపపుపొట్టు రాలసాగెను. అయిదేండ్లలో ఆఱు చెట్లు ఎండిపోయినవి. తక్కినవి కాచుచున్నవి గాని మునుపటి కాపు లేదు. నేను ఆపించిన అయిదు చెట్లలో ఎండువి, రోగము తగిలినవి, లోపలికి పెరిగినవి అగు కొమ్మలను మాత్రమే పిదప తీయించితిమి. అవి నేటికిని కాయుచున్నవి. ఆ తోట ప్రక్కగా పోవునప్పుడెల్ల, నేను ఒక్క దినము ముందుగా ఆ త్రోవను రాకపోతిని గదా యని నాకు విచారము కలుగును.

కావున ఈ నెల పత్రికలో చెట్టుపని ఎవరికి అప్పగింపవలెనను విషయమును కొంచెము వివరముగా వ్రాయ సాహసించుచున్నాను.

అమెరికా దేశమున ఈ ప్రశ్నకు ఒక కట్టుబాటు ఏర్పడినది. అచ్చట తోటపని చేయువారు రెండు తెగలు. ఒకరు లాండ్‌స్కేపర్లు. పచ్చికబయలు వేయుట, పూలమడులు తీర్చుట, బాటలకు రాళ్లు పఱచుట, చిన్నమొక్కలు నాటి నీటి యేర్పాటు చేయుట వీరి పని. రెండవవారు ఆర్బరిస్టులు, మన భాషలో వృక్షవైద్యులనవచ్చును. పెరిగిన చెట్టుయొక్క ఆరోగ్యమును పరీక్షించుట, కొమ్మను కోయుట, పడునో పడదో నిర్ణయించుట వీరి విద్య. ఆ దేశపు వృక్షజ్ఞులు 1924లో ఒక సభగా కూడిరి. అదియే పెరిగి నేడు అంతర్జాతీయ వృక్షపోషక సంఘమై యున్నది. ఆ సంఘమువారు 1992 మొదలుకొని పరీక్ష పెట్టి పట్టాలిచ్చుచున్నారు. పరీక్షకు కూర్చొనుటకు మూడేండ్లు చెట్లపై పని చేసియుండవలెను, లేదా దానికి తగిన చదువును అనుభవమును కలిపి చూపవలెను. పట్టా వచ్చిన పిదపను మూడేండ్లకొకమాఱు క్రొత్త విషయములు నేర్చుకొన్నట్లు రుజువు చూపనిచో అది నిలువదు. మన పల్లెల బిడ్డలు అనేకులు ఆ దేశమున కాపురములుండి, ఇంటి ముందఱి చెట్టుకు ఎవరిని పిలువవలెనని తికమకపడుచుందురు. వారికిని ఒకటే మాట: పూలమడికి లాండ్‌స్కేపరు, పెద్దచెట్టునకు ఆర్బరిస్టు.

మన జిల్లాలలో అట్టి పట్టా గలవాడు దొరకుట మిక్కిలి అరుదు. కాని మూడు రకముల మనుష్యులు మనకును కలరు. మొదటివాడు కట్టెలు కొట్టువాడు. రెండవవాడు పట్టణపు నర్సరీలలో పనిచేసి, క్రోటనులను, పూలకుండీలను సింగారించి, కంచెమొక్కలను సమముగా కత్తిరించు తోటమాలి. మూడవవాడు తాతల నాటినుండియో, పరిశోధనా స్థానమున పనిచేసియో, అంటుకట్టుట మొదలు కొమ్మతీయుట వఱకు పండ్లచెట్టు నాడి తెలిసినవాడు. ఈ మూడవవాని చేతిలో కాగితమేదియు నుండదు. ఊరిలో వానిని గూర్చి మాటాడుకొనువారును తక్కువ. అందుచేతనే మనము వానిని వదలి, ఇంటికి వచ్చి పిలిచినవానికి పని యప్పగించుచున్నాము.

మొదటి ఇద్దఱిని నేను నిందించుట లేదు. ఎండిపోయిన తుమ్మను బయలున పడగొట్టుటకు కట్టెలవానికంటె తగినవాడు లేడు. క్రొత్త యింటి ముందు మొక్కలు నాటుటకు తోటమాలియే కావలెను. అయితే కంచెమొక్కను పైనుండి సమముగా కత్తిరించినట్లే మామిడిని, వేపను కూడ తల నఱికి గుండ్రముగా చేయవచ్చునని తోటమాలి యనుకొనును. కంచెమొక్క దానిని సహించును. పెద్దచెట్టు సహింపదు.

ఎందుకు సహింపదో చెప్పవలెను. మన చేతికి గాయమైనచో చర్మము క్రొత్తగా పుట్టి గాయము మానును. చెట్టునకు అట్లు కాదు. చెట్టు గాయము మానదు, మూసికొనును. ఈ భేదమును లోకమునకు విశదపఱచినవారు అమెరికా అటవీశాఖలో పరిశోధకుడుగా నుండిన అలెక్సు షైగోగారు. వారు వేలకొలది చెట్లను నిలువున కోయించి లోపలి పుచ్చు ఏ దారిని పోవునో పరిశీలించి, 1977లో ఆ సంగతులను ప్రకటించిరి. గాయమైన చోట చెడిన కఱ్ఱను చెట్టు తిరిగి బాగుచేసికొనజాలదు. దానిచుట్టు లోలోపల గోడలు కట్టినట్లు పొరలను గట్టిపఱచుకొని, చెడుగును అచ్చటనే నిర్బంధించి, పైని క్రొత్త కఱ్ఱను పెంచుకొనును. గోడ నిలిచినచో చెట్టు బ్రతుకును. గాయము పెద్దదైనను, గోడ కట్టు చోటునే మనము కోసివేసినను, పుచ్చు చేవలోనికి దిగును. వెలుపలికి ఆకులు పచ్చగనే యుండును. పది, ఇరువది యేండ్లకు ఒక గాలివానలో కొమ్మ విఱిగినప్పుడు గదా లోపల డొల్ల యని తెలియుట!

ఈ పుచ్చు ఎంత నెమ్మదిగా పనిచేయునో తెలియుటకు కలకత్తాకు ఎదుట హౌరాయందలి వృక్షోద్యానములోని మహావటవృక్షమే సాక్షి. 1864లోను 1867లోను వచ్చిన తుపానులలో దాని ముఖ్యశాఖలు విఱిగినవి. ఆ గాయములగుండ బూజు ప్రవేశించినది. మూలకాండము పుచ్చి, తుదకు 1925లో దానిని తీసివేయవలసి వచ్చెను. ఊడలు వేళ్లూనియుండుటచే ఆ మఱ్ఱి నేటికిని బ్రతికియున్నది. మన మామిడికి ఊడలు లేవు.

ఇక కోయవలసిన చోటేది? మీ తోటలో నొక కొమ్మ మ్రానుతో కలియుచోటును పరిశీలింపుడు. అచ్చట మెడలో కంటె వలె కొంచెము ఉబ్బిన పట్టీ యొకటి కనబడును. పైభాగమున బెరడు ముడతలు పడియుండును. చెట్టు గోడ కట్టుకొను శక్తి ఆ కంటెలోనే యున్నది. కావున రంపము కంటెకు వెలుపల, దానికి మిక్కిలి దగ్గఱగా పడవలెను. కంటెను చెక్కివేసి మ్రానుతో సమముగా నున్నగా కోయుట చూపునకు బాగుండును గాని మహాదోషము. జానెడో మూరెడో మొండెము విడుచుట రెండవ దోషము. మొండెము ఎండి, పుచ్చి, ఆ పుచ్చును లోనికి తీసికొనిపోవును.

పెద్దకొమ్మను ఒక్క కోతతో తీయరాదు. తీసినచో బరువునకు కొమ్మ వ్రాలి మ్రాను బెరడును క్రిందివఱకు చీల్చుకొనిపోవును. మొదట మ్రానునకు అడుగు, అడుగున్నర దూరమున క్రిందినుండి కొమ్మ లావులో మూడవవంతు లోతు కోయవలెను. పిదప దానికి కొంచెము ఆవలగా పైనుండి కోసినచో కొమ్మ తెగి నేలపడును, బెరడు చీలదు. మిగిలిన తేలికయగు మొండెమును చేతితో పట్టుకొని కంటెయొద్ద మూడవ కోత కోయవలెను. గొడ్డలితో ఈ పని సాధ్యము కాదు. ఎవడు గొడ్డలి చేతబట్టి పచ్చిచెట్టు ఎక్కబోవునో వానిని సగౌరవముగా సాగనంపుడు.

కోతకు తారు పూయవచ్చునా యని పలువురు అడుగుదురు. నేనును నా ఉద్యోగపు తొలిదినములలో తారు పూయుడని చెప్పినవాడనే. ఇప్పుడు చెప్పుట లేదు. తారు లోపలి తేమను బంధించునే గాని పుచ్చును ఆపదు. మామిడివంటి వానిలో కొమ్మ ఎండు తెగులు రాకుండ పెద్ద కోతలకు బోర్డో ముద్ద పూయుట మాత్రము మన పరిశోధనా స్థానములవారు ఒప్పుకొన్న పద్ధతి. కిలో మైలుతుత్తము, కిలో సున్నము, పది లీటర్ల నీరు చాలును. రెంటిని వేఱువేఱు పాత్రలలో కరగించి కలుపవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మట్టికుండయో ప్లాస్టికు తొట్టియో వాడవలెను. ముద్ద పూసినంతమాత్రమున చెడ్డకోత మంచికోత కాజాలదు. తొఱ్ఱలలో సిమెంటు నింపుటయు పూర్వపు మోటుపద్ధతియే. గాలికి చెట్టు వంగును, సిమెంటు వంగదు. రెండును రాచుకొని లోపలి గోడ పగులును.

ఎంత కోయవలెనన్నది మఱొక విషయము. ఆకు చెట్టునకు వంటయిల్లు. ఒక సంవత్సరమున పచ్చని కొమ్మలలో నాలుగవ వంతునకు మించి తీయరాదు. ముసలిచెట్టునకు అంతయు తగదు. లోపలి చిన్నకొమ్మలన్నిటిని గీకివేసి చివరలయందు మాత్రమే గుత్తులు విడుచుటయు తప్పు. అట్లు చేసిన కొమ్మలకు గాలి బరువంతయు కొనలయందు పడి, నడుమ విఱుగును. తీరప్రాంతపు సభ్యులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణముపై హుద్‌హుద్‌ తుపాను, 2018 అక్టోబరులో శ్రీకాకుళముపై తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఎన్ని చెట్లు నేలకొఱగినవో మనము ఎఱుగనిది కాదు. అంతటి గాలికి మంచిచెట్టును నిలువకపోవచ్చును. కాని చేతులార బలహీనము చేసిన చెట్టు చిన్నగాలికే పడును.

ఇంతవఱకు చదివిన సభ్యుడొకడు నన్ను నిలదీయవచ్చును: "ముదిమామిళ్లను సగమునకు కొట్టి మరల కాపునకు తెచ్చు పద్ధతి లక్నోయందలి ఉద్యాన పరిశోధనా సంస్థవారే చెప్పిరి గదా! అది తల నఱకుట కాదా?" మంచి ప్రశ్న. నలువది యేండ్లు దాటి కాపు తగ్గిన చెట్లను, నలుదిక్కులకు వ్యాపించిన కొన్ని పెద్దకొమ్మలను ఎంచి, నేలనుండి నాలుగైదు మీటర్ల యెత్తున డిసెంబరు నెలలో కోయుట ఆ పద్ధతి. కాని కోత అందులో మొదటి దినపు పని మాత్రమే. లేచిన చిగుళ్లలో బలమైనవి, వెలుపలివైపునకు పోవునవి ఎనిమిదో పదియో కొమ్మకు నిలిపి తక్కినవానిని తీసివేయవలెను. ఆ పని ఒకసారితో ముగియదు. కాండము తొలుచు పురుగునకై ప్రతి రంధ్రమును వెదకవలెను. ఎరువు, నీరు తప్పరాదు. ఇవన్నియు జరిగినచో రెండు మూడేండ్ల పిదప కాపు వచ్చును. పైన చెప్పిన పెద్దయ్యగారి తోటలో జరిగినది కోత మాత్రమే. కట్టెలు బండి కెక్కగానే కోసినవారి పని తీఱినది. చెట్టుపని అప్పుడే మొదలైనదని చెప్పువాడు లేకపోయెను.

తన తోటలో ఇట్టి పద్ధతి నవలంబింప దలచినవారు అన్ని చెట్లను ఒకే యేట కోయింపరాదని నా అభిప్రాయము. నాలుగైదు చెట్లతో మొదలిడి ఫలితము చూచుకొనవలెను. మన నేల, మన యెండ లక్నోవలె నుండవు గనుక కాలనిర్ణయమునకు నూజివీడు మామిడి పరిశోధనా స్థానమువారినో, సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానమువారినో ముందుగా అడుగుట మేలు.

ఒక చెట్టు తెలిసినవానికి అన్ని చెట్లు తెలియునని భ్రమపడరాదు. మామిడికి మొండెము విడువరాదంటిని. కొబ్బరికి సరిగా దీనికి వ్యతిరేకము. పచ్చిమట్టను మొదలంట నఱికినచో ఆ పచ్చిగాయపు వాసనకు ఎఱ్ఱముక్కు పురుగు వచ్చి గ్రుడ్లు పెట్టి, కాండములోనికి దిగి, చెట్టును చంపును. కావున పచ్చిమట్ట తీయక తప్పనిచో మొదలునుండి నాలుగు అడుగుల తొడిమ విడిచి కోయవలెను. అసలు ఎండిన మట్టలను తప్ప తీయకుండుటయే మంచిది. దింపునకు ఎక్కువారు సులువుకొఱకు కాండముపై గంట్లు పెట్టుట కొన్నిచోట్ల ఆచారముగా నున్నది. ఆ గంట్లును పురుగునకు ద్వారములే. కోనసీమవారికి అంబాజీపేట పరిశోధనా స్థానము దగ్గఱలోనే యున్నది.

మఱికొన్ని సమయములయందు ఏమియు కోయకుండుటయే విద్య. 2021లో తెలంగాణమున వేపచెట్లు ఊరూర కొనలనుండి ఎండిపోవుట చూచి జనులు భయపడిరి. కట్టెలవాడు వచ్చి, చచ్చినచెట్టు అని చెప్పి కొట్టుకొని పోయినచోట్ల అది నిజముగనే చచ్చినది. అది బూజువలన వచ్చిన కొనయెండు తెగులు. తేయాకు దోమయు దానికి తోడైనది. ఊరకుండిన వేపలలో పెక్కు మరల చిగిర్చినవి. బెరడును గోటితో గీచి చూచినచో లోపలిపొర పచ్చగానున్నదో లేదో తెలియును. ఆ పాటి పరీక్షయైన చేయనివాడు చెట్టును గూర్చి తీర్పు చెప్పుటకు అర్హుడు కాడు.

వైద్యము నెఱిగినవారు పూనుకొన్నచో ముసలిచెట్టును ఎంతవఱకు నిలుపవచ్చునో మహబూబునగరమునొద్ద పిల్లలమఱ్ఱియందు చూచితిమి. 2017 డిసెంబరులో దాని పెద్దశాఖ యొకటి పడిపోయెను. చెదలు లోపల తినివేసినవని తేలినది. అటవీశాఖవారు దానిని స్వీకరించి, ఆస్పత్రిలో రోగికి ఎక్కించునట్లు సెలైను సీసాలతో మందును చుక్కచుక్కగా కాండములోనికి ఎక్కించిరి. వ్రాలు కొమ్మలకు ఆధారములు కట్టిరి. ఇది చదివి ఎవరును తమ మామిడికి పురుగుమందు ఎక్కింపబోవలదు. మనము తినెడి పండ్లచెట్టు వేఱు, పిల్లలమఱ్ఱి వేఱు.

ఇప్పుడు మనిషిని ఎట్లు ఎన్నుకొనవలెనో చెప్పెదను. పని యడుగవచ్చిన వానిని తోటలోనికి తీసికొనిపోయి ఒక చెట్టు చూపి, "దీనిలో ఏ కొమ్మ తీయుదువు? ఏల తీయుదువు?" అని యడుగుడు. లావుకొమ్మను మొదట చూపువాడు కట్టెల మనిషి. ఎండుకొమ్మను, రాచుకొను కొమ్మను, బదనిక పట్టినదానిని మొదట చూపి, "ఇది ఉండనిండు" అని రెండుమూడు చోట్ల అనువాడు మనకు కావలసినవాడు. రంపము ఎక్కడ పెట్టుదువో వ్రేలుతో చూపుమనుడు. మేకులు గల జోళ్లతో పచ్చిచెట్టు ఎక్కునేమో కనుగొనుడు; చంపదలచిన చెట్టునకు తప్ప అట్టివి పనికిరావు.

అన్నిటికంటె మంచి పరీక్ష ఒకటి కలదు. వాడు మూడేండ్ల క్రిందట కోసిన చెట్టును చూపుమని అడుగుడు. కోత చుట్టును క్రొత్తకఱ్ఱ గాజువలె నలువైపుల సమముగా పెరిగి మూసికొనుచున్నచో కోత సరియైనది. రెండు ప్రక్కల మాత్రమే పెదవులవలె పెరిగి, పైని క్రిందను పెరుగనిచో వాడు కంటెను చెక్కివేసినాడని తెలిసికొనవలెను. చెట్టు వ్రాసి యిచ్చిన పట్టా యిది, దీనిలో అబద్ధముండదు.

కూలి విషయము. కట్టెలే కూలిగా ఇచ్చుట మానవలెను. కట్టె కూలియైనవానికి లావుకొమ్మ తీయుటలో లాభము, ఎండుపుల్ల తీయుటలో నష్టము. వాడు మంచివాడైనను మన చెట్టుపట్ల వాని ఆశ వంకరగా పెరుగును. దినకూలి ఇచ్చినచో పని సాగదీయుదురన్న భయము కొందఱికి కలదు, అది నిజమే. నాకు తోచిన ఉపాయమేమనగా, తోటగలవారు ముందుదినము తామే చెట్టుచెట్టునకు తిరిగి తీయవలసిన కొమ్మకు సున్నపుబొట్టు పెట్టవలెను. బొట్టు లేని కొమ్మపై రంపము పెట్టరాదని, చెట్టుకింత యని ముందుగనే కుదుర్చుకొనవలెను. కట్టెలు మనవి, వేఱుగా అమ్ముకొనవచ్చును. పెద్దయ్యగారి తోటనుండి రెండు లారీల కట్టె పోయినది. దాని వెలతో ఇరువదిరెండు చెట్లకును మంచిపని చేయించి యుండవచ్చును.

కాలము తప్పినను పని చెడును. కోత ముగిసిన వెంటనే తేలికపాటి కత్తిరింపు జరిగినచో వచ్చిన చిగురు ముదిరి పూతకు సిద్ధమగును. వర్షకాలపు చివఱ వఱకు సాగదీసినచో ఆ యేటి పూత పోయినట్లే.

ప్రాణాపాయమును గూర్చి ఒక్క మాట. విద్యుత్తు తీగకు దగ్గఱగా నున్న కొమ్మను ఎంత నేర్పరియైనను ముట్టరాదు. విద్యుచ్ఛాఖవారికి తెలిపి కరెంటు నిలిపించిన పిమ్మటనే పని సాగవలెను. పచ్చికొమ్మ తీగకు తగిలినచో దాని గుండ కరెంటు ప్రవహించును. మోకు లేక ఎక్కువానికి పని యీయరాదు. మన తోటలో వాడు పడినచో వాని భార్యాబిడ్డలకు మనము చెప్పుకొను జవాబేమి? చెట్టును పూర్తిగా పడగొట్టదలచినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ననుసరించి అనుమతి కావలసియుండునేమో అధికారుల నడిగి తెలిసికొనుడు. అన్ని జాతులకు నియమము ఒకటి కాదు.

ఈ మంచిపనివాండ్రు అరుదుగా నున్నారు, ఒక్కొక్క రైతు పిలిచినచో రారు, వచ్చినను నాలుగు చెట్లకొఱకు రాకపోకల ఖర్చు గిట్టదు. సహకార సంఘమునకు తగిన పని యిచ్చటనే కలదు. ఇరువదిమంది సభ్యులు కలిసి తమ తోటలన్నిటికి ఒక మనిషిని ఒక నెల కుదుర్చుకొన్నచో వానికి నికరమైన పని, మనకు నమ్మకమైన చేయి. రెండు వంపు చేతిరంపములు, కొమ్మలు కత్తిరించు పెద్దకత్తెరలు రెండు, మంచి మోకు ఒకటి సంఘము కొని యుంచినచో ఎరువుతీసిన వారందఱకు పనికివచ్చును. ఊరిలో చురుకైన యువకులు ఒకరిద్దఱిని వానికి తోడుగా పంపినచో రెండేండ్లలో విద్య మన ఊరిలోనే నిలుచును. ఉద్యానశాఖ వారినిగాని, దగ్గఱనున్న కృషి విజ్ఞాన కేంద్రము వారినిగాని పిలిపించి, మొదటిదినమున ఒక చెట్టుపై చేసి చూపుమని అడుగవచ్చును. నా అనుభవమున వారు కాదనలేదు.

ఇట్టి యేర్పాటు కావలెనని తలచు సభ్యులు తమ తోటలోని చెట్ల జాతి, వయస్సు, సంఖ్య ఒక కాగితముపై వ్రాసి, కాయ కోత మొదలు కాకముందే తమ సంఘ కార్యదర్శిగారికి అందజేయవలెను. ఆ కాగితములు నాకు చేరినచో నేను వచ్చి, సున్నపుబొట్లు పెట్టు దినమున మీతో కూడ తోటలో తిరిగెదను. పెద్దయ్యగారు తమ అయిదు చెట్లను ఎవరు చూడవచ్చినను చూపెదమని, చచ్చిన ఆఱింటి మొదళ్లను కూడ దాచక చూపెదమని నాతో చెప్పియున్నారు.